అల్లం కల్లంలో ఆరిన గుడ్డలు

జహీరాబాదులో బొంబాయి రోడ్డు పక్కనే వీరప్ప సావుకారిది ఒక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో తవ్విన అల్లం బండ్ల మీద అక్కడికి వచ్చేది. చెక్కు గీకించుకొని, షెడ్డు ముందర సిమెంటు కల్లంలో ఎండి, శొంఠి అయ్యి లారీలెక్కి వెళ్ళిపోయేది. గీకేదంతా ఆడవాళ్ళే. రేకుముక్కో, అరిగిన చెంచానో చేతబట్టి పొద్దున వరుసలో కూర్చుంటే పొద్దు వాలేదాకా నడుం ఎత్తే పని లేదు. కొత్తగా చేరినవాళ్ళకు వేళ్ళు మిరపకాయలు నూరినట్టు మండేవి. కంట్లో నలక పడితే మోచేత్తో రుద్దుకోవలసిందే, వేలు పెట్టారో కన్ను పోయిందే అన్నంత మంట. కొన్నాళ్ళకు చర్మం మొద్దుబారి మంట తెలియకుండా పోతుంది. వాసన సంగతీ అంతే. బయటినుంచి వచ్చిన బేరగాడు షెడ్డు గుమ్మంలోనే ముక్కు మూసుకునేవాడు. లోపల కూర్చున్నవాళ్ళకు మాత్రం అల్లానికి ఒక వాసన ఉంటుందన్న సంగతే గుర్తుండేది కాదు.

ఆ వరుసలో చివరగా, స్తంభానికి ఆనుకొని కూర్చునేది బస్వమ్మ. కోహీర్ అవతలి పల్లెలో పుట్టింది. తల్లి చిన్ననాడే పోయింది. లారీ మీద క్లీనరు పని చేసే ఈరయ్యకిచ్చి పెళ్ళి చేస్తే జహీరాబాదు వచ్చింది. అత్తామామలు అప్పటికే లేరు. ఈరయ్యకు ఉన్నదల్లా ఒక అక్క, సీతాబాయి. రాయికోడ్‌లో ఆమెకు భూమి ఉంది, భర్త రేవణసిద్ధప్ప ఉన్నాడు, ఇంటి నిండా జొన్నలున్నాయి, పిల్లలు మాత్రం లేరు. బస్వమ్మకు మొదటి కాన్పులో మగపిల్లవాడు ఏడవకుండానే పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, డెబ్బై ఎనిమిది వానాకాలంలో, ఆడపిల్ల పుట్టింది. సుమిత్ర అని పేరు పెట్టుకున్నారు. ఈ బిడ్డ దక్కితే చాలు, ఇంక దేవుణ్ణి ఏమీ అడగనని బస్వమ్మ గల్లీలో కనబడినవాళ్ళందరికీ చెప్పేది. అడగనివాళ్ళకు కూడా చెప్పేది.

వానల్లో గుడ్డలు ఆరక పిల్లకు ఒకసారి తొడల సందున ఎర్రగా కందింది. కొబ్బరినూనె రాసి, గుడ్డ కట్టకుండా వదిలేస్తే రెండు పూటల్లో మానిపోయింది. అందుకే అదేమీ పెద్ద జబ్బు కాదని, తడి తగలకుండా చూసుకుంటే చాలని బస్వమ్మకు తెలుసు. తెలుసుననుకోవడమే ఆమెను ముంచింది.

సంక్రాంతి దాటాక షెడ్డులో గీకుడు మొదలైంది. ఆ వరుసలో పసిపిల్లల తల్లులు ఇంకా ఉన్నారు, కాని వాళ్ళ పిల్లలు ఇళ్ళలో అత్తల ఒళ్ళో ఉండేవారు. బస్వమ్మకు ఆ దిక్కు లేదు. పిల్లను వెంట తెచ్చి, షెడ్డు దూలానికి పాత చీరతో తొట్టెల కట్టింది. ఇంకో పాత చీరను చింపి, అంచులు తీసేసి, మెత్తటి గుడ్డలు చేసుకుంది. పిల్ల తడిపినప్పుడల్లా లేచి మార్చేది. ఈ అల్లం షెడ్డులో మహారాణి పుట్టిందని పక్కన కూర్చునే నర్సమ్మ ఎగతాళి చేసేది. నర్సమ్మ అందరికంటే పెద్దది, నోరు కూడా అందరికంటే పెద్దదే. అయినా బస్వమ్మ లేచినప్పుడల్లా ఆమె బుట్టలో తాను గీకిన అల్లం కొంత వేసి, సావుకారికి లెక్క తగ్గకుండా చూసేది ఆమే.

షెడ్డులో నల్లా లేదు. పీపాల బండి మీద వచ్చిన నీళ్ళు సిమెంటు హౌజులో పోసేవారు. గీకిన అల్లాన్ని అందులో కడిగేవారు. మట్టి కింద పేరుకున్నాక పైన తేటగా కనిపించే ఆ నీళ్ళతోనే ఆడవాళ్ళు చేతులు కడుక్కునేవారు, కాళ్ళు కడుక్కునేవారు. బస్వమ్మ బిడ్డ గుడ్డలు కూడా ఆ తేట నీళ్ళలోనే జాడించి, గట్టిగా పిండి, కల్లంలో అల్లం పక్కన ఒక మూల ఆరేసేది. మాఘమాసపు ఎండకు అవి అప్పడాల్లా ఎండేవి. అంత తెల్లగా, అంత పొడిగా గుడ్డలు ఏ ఇంట్లోనూ ఉండవని ఆమెకు లోలోపల గర్వం.

నెల తిరగకముందే సుమిత్రకు పిరుదులు కందాయి. బస్వమ్మ కొబ్బరినూనె తెచ్చుకొని రాసింది. నూనె రాసేకొద్దీ పిల్ల వెనక్కి విల్లులా వంగి ఏడ్చింది. కందినచోట పొక్కులు లేచాయి, పొక్కులు చిట్లి పచ్చిగా ఒరిసిపోయాయి. గుడ్డ తీస్తే గుడ్డతోపాటు పొర లేచి వచ్చేది. బస్వమ్మ గుడ్డలు ఇంకా తొందర తొందరగా మార్చింది, ఇంకా ఎక్కువసార్లు జాడించింది.

ఇది అక్కి అన్నది నర్సమ్మ. కుమ్మరి దగ్గరికి తీసుకుపోతే ఆయన జాజు ఎర్రమట్టి కలిపి పుండు చుట్టూ గీతలు గీసి పంపాడు. తగ్గలేదు. పాలవేడి అని ఇంకొకామె అంటే బస్వమ్మ కారం మానేసింది, తర్వాత పప్పు మానేసింది, ఆఖరుకు జొన్న గటకా మజ్జిగా తప్ప ఏదీ ముట్టలేదు. పాలు తగ్గాయి గాని పుండ్లు తగ్గలేదు. చివరికి బస్టాండు వెనక ఒక కంపౌండరు దగ్గరికి ఎత్తుకుపోయింది. అతను దూరంనుంచే చూసి, ఊదారంగు మందు సీసా చేతికిచ్చాడు.

"గుడ్డలు సాఫ్ ఉంచుతున్నవా, తడియి అట్లనె కడ్తున్నవా?" అని అడిగాడు.

"దినాం ఉతుకుత సారూ. ఎండకు ఆరేస్త."

"మంచిది. అట్లనె చెయ్యి. ఇంక జర ఎక్కువ ఉతుకు."

ఏ నీళ్ళతో అని అతను అడగలేదు. అడగాలని ఎవరికి మాత్రం తడుతుంది. బస్వమ్మ అతను చెప్పినట్టే చేసింది.

ఉగాదికి షెడ్డు మూతపడింది. పండగ నాలుగునాళ్ళూ ఇంట్లో బావి నీళ్ళతో గడిచాయి. పుండ్ల మీద పొర కట్టింది, పిల్ల నవ్వింది కూడా. పోచమ్మకు మొక్కుకున్న బోనం పని చేసిందని బస్వమ్మ గల్లీ అంతా తిరిగి చెప్పింది. షెడ్డు తెరిచాక ఆ పొర మళ్ళీ పగిలింది. అమ్మవారికి ఏం తక్కువ చేశానోనని బోనం సంగతే తిప్పి తిప్పి తలుచుకుంటూ కూర్చున్నదే తప్ప, ఆ నాలుగునాళ్ళు తాను ఎక్కడ ఉన్నదీ, మళ్ళీ ఎక్కడికి వచ్చిందీ ఆమెకు తట్టలేదు.

ఈలోపల షెడ్డులో ఇంకో మాట పుట్టింది. మొదట ఎవరన్నారో తెలియదు గాని, అన్న తర్వాత అందరికీ అది కళ్ళముందే కనబడసాగింది. పిల్ల ఎవరెత్తుకున్నా ఊరుకుంటుంది, తల్లి చెయ్యి పడితే చాలు గుక్కపట్టి ఏడుస్తుంది. బీడీ కట్టలు అమ్ముకునే ముసలామె ఎత్తుకుంటే ఊరుకున్నది. నీళ్ళ పీపాల బండివాడు ఎత్తుకుంటే ఊరుకున్నది. మొదటి పిల్లగాణ్ణి కూడా ఇట్లనే మింగింది కదా అని ఒకామె పక్కామె చెవిలో అన్నది. బస్వమ్మకు వినబడేటట్టే అన్నది.

సీతాబాయి తమ చేలో పండిన అల్లం బండితో జహీరాబాదు వచ్చినది అప్పుడే. తొట్టెలలో చెయ్యి పెట్టి గుడ్డ విప్పి చూసింది. ఆ మూలనుంచి ఈ మూలదాకా పచ్చి మాంసం. బస్వమ్మ చేతులు కడుక్కొని వచ్చి నూనె రాయబోతే పిల్ల కేకలు పెట్టింది. సీతాబాయి ఆ గిన్నె లాక్కొని తాను రాసింది. పిల్ల వెక్కిళ్ళు పెట్టింది గాని ఊరుకుంది.

"నేను తీస్కపోత," అన్నది సీతాబాయి. "తగ్గినంక తెచ్చిస్త. నీ దగ్గరుంటె ఇది బతకదు బస్వా."

 బస్వమ్మకూ అదే భయం. గుడ్డలన్నీ మూటగట్టి ఇవ్వబోతే, ఈ పీడ గుడ్డలు నాకొద్దు, మా ఇంట్లో పాత ధోవతులు ఉన్నాయని సీతాబాయి అన్నది. పిల్లను ఒళ్ళో పెట్టుకొని బండెక్కింది. బస్వమ్మ ఆ మూటను ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెలో అడుగున దాచుకుంది. పిల్లది ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ వారమంతా రొమ్ములు రాళ్ళయి జ్వరం కాసింది. వాటి మీద మల్లెపూలు కట్టుకుంటే పాలు ఆగిపోతాయని నర్సమ్మ కొని తెచ్చి కట్టింది.  

రాయికోడ్‌లో పిల్లకు వారం రోజుల్లో పుండ్లు మానాయి. కబురు తెచ్చింది ఈరయ్య. అతని ముఖంలో సంతోషం ఉంది, పెళ్ళాం ముఖం చూశాక అది ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బీడీ ముట్టించుకొని బయటికి పోయాడు.

వానలు పడి గీకుడు ఆగాక బస్వమ్మ రాయికోడ్ వెళ్ళింది. పిల్ల గేదెపాలు తాగి గుండ్రంగా అయింది. సీతాబాయి గౌను మొలదాకా ఎత్తి చూపించింది, మచ్చలు తప్ప ఏమీ లేవు. ఎత్తుకోమంటే బస్వమ్మ ఎత్తుకోలేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకొని గోడ దగ్గర కూర్చుంది. పిల్ల పాకుకుంటూ వచ్చి ఆమె కాలివేలి మట్టె పట్టుకుంటే ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండిపోయింది. తాను చెయ్యి వేస్తే ఆ మానిన చర్మం మళ్ళీ పగులుతుందని ఆమె నిజంగా నమ్మింది. తర్వాత వెళ్ళిన రెండుసార్లూ అంతే. ముట్టకుండా చూసి వచ్చింది.

ఆ ఏడు చలికాలం ముందర బస్వమ్మ చెరుకు నరికే పనికి పోయింది. చెరుకాకు కోసి ముంజేతులు గీతలు గీతలయ్యాయి. ఒక మధ్యాహ్నం పని లేక ఇంట్లో ఉండి, బొంత కుట్టుకుందామని పాత చీరల కోసం ట్రంకుపెట్టె తెరిచింది. పెట్టెలోంచి గుప్పున అల్లం వాసన కొట్టింది.

నెలల తరబడి చేలల్లో తిరిగి ఆమె ముక్కు మామూలు మనిషి ముక్కు అయిపోయింది. పెట్టెలో అల్లం ముక్క ఎక్కడ పడిందబ్బా అనుకొని చీరలన్నీ బయటపడేసి దులిపింది. ఏమీ రాలలేదు. వాసన మూటలోంచి వస్తోంది. విప్పి ఒక్కొక్క గుడ్డా ముఖానికి పెట్టుకొని చూసింది. మడతల్లో పసుపుపచ్చటి చారికలు, ఎంత తెల్లగా ఉతికానని మురిసిపోయిన గుడ్డలే అవి. ఒకటి నీళ్ళలో తడిపి, చెరుకాకు కోసిన ముంజేతికి చుట్టుకొని కూర్చుంది. కాసేపటికి మంట మొదలైంది. చెయ్యి విదిలించుకోవాలనిపించింది. విదిలించుకోలేదు. ఇంతేనా, ఇంతకంటే ఎక్కువ మండిందా దానికి అని ఆ మంటను పళ్ళబిగువున చూసింది. ఇది నెలలు మాగిన పాత గుడ్డ. అప్పటిది రోజూ పచ్చి అల్లం కడిగిన నీళ్ళలో ముంచింది, చుట్టింది పచ్చి పుండు మీద. దాని మీద తాను పగలంతా అల్లం గీకిన వేళ్ళతో నూనె రాసింది. పిల్ల ఏడ్చేకొద్దీ ఇంకా మెల్లగా, ఇంకా ఎక్కువసేపు రాసింది.

ఆ వారం ఈరయ్య లారీ దిగి ఇంటికి రాగానే అన్నం కూడా పెట్టకుండా సంగతంతా చెప్పింది. అతను గుడ్డ వాసన చూశాడు. తల ఊపాడు. అయితే ఇప్పుడేం చెయ్యాలని అడిగాడు. ఇంక ఈ జన్మలో అల్లం ముట్టను, బిడ్డను తెచ్చుకుందామని ఆమె అన్నది. అక్క నోట్లో ముద్ద లాక్కున్నట్టుంటుంది, నువ్వే పోయి అడుగు అన్నాడు అతను.

వెంటనే పోలేదు ఆమె. షెడ్డులో మళ్ళీ గీకుడు మొదలైనా, నర్సమ్మ ఇంటికొచ్చి పిలిచినా వెళ్ళలేదు, చెరుకు పనిలోనే ఉంది. వేళ్ళ కొసల మొద్దు చర్మం పొట్టులా ఊడిపోయి కింద కొత్త చర్మం వచ్చేదాకా ఆగింది. పొద్దునా సాయంత్రం చేతులు వాసన చూసుకునేది. చెరుకు, మన్ను, సబ్బు, అంతే. అప్పుడు సుమిత్రకు ఏడాదిన్నర దాటింది. ఒక కొత్త గౌను కొని, మూటలోంచి ఒక గుడ్డ కూడా వెంట పెట్టుకొని, రాయికోడ్ బస్సెక్కింది.

సీతాబాయి వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. రేవణసిద్ధప్ప అరుగు మీద నులకమంచంలో ఉన్నాడు. పిల్ల చేట పక్కన గింజలు ఏరి నోట్లో పెట్టుకుంటోంది. బస్వమ్మ దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కసారే చెప్పేసింది.

"అది అల్లం నీళ్ళ తోని అయింది వదినె. నా చేతులకు కూడ అదే ఉండె. నేను ఆ హౌజు నీళ్ళల్లనె గుడ్డలు పిండిన. నాకు తెల్వలేదు."

సీతాబాయి చేట ఆపింది. "అంతమంది గీకుతరు గద. ఎవల పిల్లలకు కాంది నీ బిడ్డకే ఎందుకయితది?"

"వాళ్ళ పిల్లలు ఇంట్ల ఉంటరు. అత్తలు ఉతుకుతరు. నాకెవలున్నరు?"

"నేను లేనా?" అన్నది సీతాబాయి. ఆ మాటలో కోపం కంటే ఎక్కువగా ఇంకేదో ఉంది. "ఒక్క కబురు పంపితె రాకపోదునా?"

 సీతాబాయి గుడ్డ అడిగి తీసుకొని వాసన చూసింది, మడిచి తిరిగి ఇచ్చింది. ఆమె నమ్మిందనే అనుకోవాలి, ఎందుకంటే ముఖం తెల్లబడింది. పిల్ల గింజలు మింగకుండా దాని నోట్లో వేలు పెట్టి తీసి, చెంగుతో మూతి తుడిచి అన్నది: "సరె. ఎత్తుకో. నీ దగ్గర ఊకుంటె తీస్కపో. నేనేం అన."

బస్వమ్మ చేతులు చాచింది. ఏడాది తర్వాత మొదటిసారి. పిల్లను చంకల కింద పట్టుకొని పైకెత్తి రొమ్ముకు ఆనించుకుంది. పిల్ల ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత రెండు చేతులూ సీతాబాయి వైపు చాచి, "అమ్మా" అని గుక్కపట్టి ఏడ్చింది.

"సూస్తివా," అన్నాడు రేవణసిద్ధప్ప మంచంలోంచి.

అది మంట ఏడుపు కాదని, కొత్తముఖం చూసి ఏడ్చిన ఏడుపని బస్వమ్మకు తెలుసు. అక్కడున్న ముగ్గురికీ తెలుసు. నాలుగు రోజులు ఉంటే, వారం ఉంటే అలవాటు పడుతుందని నోరు తెరిచి అనవచ్చు. అనేదే. కాని ఆ ఏడుపు చెవిలో పడగానే ఆమె వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. పిల్ల ఏడిస్తే చెయ్యి తీసెయ్యాలన్నది ఏడాదిగా వాటికి పట్టిన అలవాటు. పిల్ల కింద పడకుండా సీతాబాయి పట్టుకుంది. పిల్ల ఆమె మెడలో ముఖం దాచుకుంది. సీతాబాయి కూడా ఏడుస్తోంది, కాని పిల్లను మళ్ళీ చేతికివ్వలేదు. బస్వమ్మ గౌను మంచం కోడు మీద పెట్టి సాయంత్రం బస్సుకు వచ్చేసింది.

ఆ తర్వాతి సీజనుకు ఆమె మళ్ళీ అల్లం షెడ్డుకు పోయింది. మానుకొని చేసేదేముంది. వెళ్ళిన మొదటి రోజే ఒక పాత గోలెం తీసుకొచ్చి షెడ్డు గుమ్మం పక్కన పెట్టింది. రోజూ పని మొదలుపెట్టకముందు, చేతికి అల్లం అంటకముందే, రోడ్డు అవతల బావినుంచి తోడి దాన్ని నింపేది. చంటిపిల్లల గుడ్డలకు తప్ప ఆ నీళ్ళు ఎవరు ముట్టినా ఊరుకునేది కాదు. పసిపిల్లను తెచ్చిన తల్లి హౌజు వైపు గుడ్డ పట్టుకొని నడిస్తే ఉన్నచోటునుంచే అరిచేది. పొద్దంతా గీకి బిడ్డకు పాలిచ్చేముందు గోలెం దగ్గర సబ్బు పెట్టి రుద్దుకోమనేది. కొత్తగా చేరిన పిల్లలు గోలెం బస్వక్క అని చాటున నవ్వుకునేవారు. ఎందుకని అడిగితే ఆమె చెప్పేది కాదు. చెప్పింది నర్సమ్మే, ఒకరొకరిని పక్కకు పిలిచి.

ఊరికి వ్యాన్ల ఫ్యాక్టరీ వచ్చింది, రోడ్డు మీద లారీలు పెరిగాయి, ఈరయ్య క్లీనరునుంచి డ్రైవరు అయ్యాడు. బస్వమ్మకు మళ్ళీ కాన్పు రాలేదు. సుమిత్ర మూడో తరగతికి వచ్చిన ఏడు, బడికి సెలవులని సీతాబాయి వెంట అల్లం బండి మీద షెడ్డుకు వచ్చింది. రెండు జడలు, మోకాలి మీద దుమ్ము. దారిలో రేగుపళ్ళు తిని చేతులు జిగటగా అయితే కడుక్కుందామని నేరుగా హౌజు దగ్గరికి పోయింది.

"ఆడ వద్దు బిడ్డా," అని బస్వమ్మ లేచి వచ్చింది. గోలెంలో చెంబు ముంచింది. పిల్ల దోసిలి పట్టింది. చెంబును పైకెత్తి, తన వేలు గాని, వేలినుంచి కారే చుక్క గాని ఆ దోసిట్లో పడకుండా దూరంనుంచి పోసింది. పిల్ల కడుక్కొని, తుడుచుకోవడానికి ఆమె కొంగు అందుకోబోతే బస్వమ్మ చటుక్కున వెనక్కి జరిగింది. నర్సమ్మను పిలిచి, ఆమె తలకు చుట్టుకున్న పొడి తువాల ఇప్పించింది.

తిరిగి బండెక్కాక సుమిత్ర సీతాబాయితో ఏదో అన్నది. ఏమన్నదో బండి పక్కన నిలబడ్డ నర్సమ్మ విన్నది. అత్తకు నేనంటే ఇష్టం లేదు, నన్ను ముట్టనే ముట్టదని.  సీతాబాయి పిల్ల తల తన ఒళ్ళోకి తీసుకొని బండివాణ్ణి తోలమన్నది.

ఎవరి మాటనైనా ఎవరికైనా మోసే నర్సమ్మ ఆ మాట మాత్రం బస్వమ్మకు మొయ్యలేదు. వచ్చి తన చోట కూర్చుంది. బస్వమ్మ అప్పటికే చెంబును గోలెం మీద బోర్లించి, కొంగు మొలలో దోపి, రేకుముక్క చేతికి తీసుకుంది.